ఇంట్లో పిల్లిని సరిగ్గా ఆడించడం ఎలా? మొదటి రోజు నుంచి పూర్తి పద్ధతి

"బోలెడు బొమ్మలు కొన్నాం, ఒక్కదానితోనూ ఆడదు." "రాత్రి మూడింటికి లేచి ఇల్లంతా పరుగులు పెడుతుంది." "నడుస్తుంటే మంచం కింద నుంచి దూకి కాలు పట్టుకుంటుంది." పిల్లిని పెంచుకునేవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగేవి ఈ మూడే.

చాలా ఇళ్ళలో మూడింటికీ మూలం ఒకటే. పిల్లికి ఆట అంటే వేట. పొంచి చూడడం, వెంటపడడం, దూకడం, పట్టుకోవడం, కొరకడం, ఆఖర్న తినడం. ఈ వరస పూర్తయితేనే దానికి తృప్తి. మనం ఆడించేటప్పుడు వెంటపడడం ఒక్కటే జరుగుతుంది, మిగతావి మధ్యలో ఆగిపోతాయి. తీరని ఆ వేట మన కాళ్ళమీదా, మన నిద్రమీదా పడుతుంది.

ఈ పద్ధతి బయటికి వదలకుండా ఇంట్లోనే పెంచే పిల్లుల కోసం. వీధి నుంచి తెచ్చుకున్న నాటు పిల్లికైనా, పర్షియన్ పిల్లికైనా క్రమం ఇదే. తేడా వచ్చేచోట చెబుతాను.

## 1. బొమ్మ కొనేముందు మూడు రోజులు గమనించండి

ఫోన్‌లో నోట్స్ తెరిచి మూడు రోజులపాటు ఇవి రాసుకోండి.

- ఏ వేళల్లో తనంతట తానే లేచి తిరుగుతోంది?
- దేన్ని చూసి కదలకుండా ఆగిపోతోంది? గోడమీద బల్లినా, కిటికీ బయట పావురాన్నా, నేలమీద చీమల బారునా?
- పొంచి ఉండడానికి ఏ చోటు ఎంచుకుంటోంది? సోఫా వెనకా, కర్టెన్ చాటా, బీరువా పైనా?
- ఒంటిని అతిగా నాక్కోవడం, ఊరికే అరవడం, గిన్నెలు కింద పడేయడం లాంటివి ఏ సమయంలో ఎక్కువ?

పిల్లి రోజుకి 12 నుంచి 16 గంటలు నిద్రపోవడం మామూలు విషయమే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. చాలా పిల్లులకు తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ హుషారు ఎక్కువ. మీ పిల్లి హుషారు వేళలు తెలిస్తే ఆట సగం కుదిరినట్టే.

రెండో ప్రశ్నకు వచ్చిన జవాబే మీ బొమ్మను నిర్ణయిస్తుంది. పైకి చూసే పిల్లికి ఈకల బొమ్మ, నేలను చూసే పిల్లికి తోక ఉన్న ఎలుక బొమ్మ, పురుగులను వెంటాడే పిల్లికి వేలెడంత చిన్న వస్తువు కావాలి. "మా పిల్లి ఆడదు" అని చెప్పినవాళ్ళ ఇళ్ళలో, పురుగులను వేటాడే పిల్లి ముందు కుందేలంత బొమ్మ పెట్టడం చాలాసార్లు చూశాను.

ఒక్క మాట. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడపిల్లి నేలమీద దొర్లుతూ గట్టిగా అరుస్తుంటే అది విసుగు కాకపోవచ్చు, ఎదకి వచ్చి ఉంటుంది. అది ఆటతో తీరదు, వెట్‌తో (పశువుల డాక్టర్‌తో) మాట్లాడండి.

## 2. ఇంట్లో ప్రమాదాలు తీసేయండి

ఆటలో పడ్డ పిల్లికి ఒళ్ళు తెలియదు. కాబట్టి ముందు ఇల్లు, తర్వాతే ఆట.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం దారం. పిల్లి నాలుక మీది ముళ్ళు లోపలి వైపుకి వంగి ఉంటాయి, ఒకసారి నోట్లోకి వెళ్ళిన దారం బయటికి రావడం కష్టం. మా పిల్లి చిట్టి ఒకసారి దేవుడి పటం నుంచి తీసి పక్కన పెట్టిన వాడిపోయిన మల్లెదండను లాక్కుపోయింది. పూలు వదిలేసి దారం మింగింది. మర్నాడు రెండు వాంతులు, తిండి బంద్, మంచం కిందనుంచి బయటికి రాలేదు. పేగులు దారం చుట్టూ కుచ్చులా ముడుచుకున్నాయని వెట్ చెప్పారు, ఆపరేషన్ చేస్తేనే బతికింది. అప్పటినుంచి మా ఇంట్లో నిర్మాల్యం మూత ఉన్న డబ్బాలోకే వెళ్తుంది.

నోట్లోంచి గానీ, వెనకవైపు నుంచి గానీ దారం కొన వేలాడుతూ కనిపిస్తే లాగకండి, కత్తిరించకండి. పేగు కోసుకుపోతుంది. అలాగే వెట్ దగ్గరకి తీసుకెళ్ళండి.

తీసేయాల్సినవి, మూసేయాల్సినవి:

- పూలదారం, సూదీ దారం, ఉన్ని ఉండలు, సంక్రాంతికి మిగిలిన మాంజా
- రబ్బరు బ్యాండ్లు, జుట్టు బ్యాండ్లు, చెవిదుద్దుల సీలలు
- కలరా ఉండలు. గుండ్రంగా దొర్లుతాయి కాబట్టి పిల్లి బంతిలా ఆడుతుంది, కానీ అవి దానికి విషం
- బొకేల్లో పెద్ద రేకులతో వచ్చే లిల్లీలు. మనం దండలు కట్టే లిల్లీ వేరు. బొకే లిల్లీ పుప్పొడి ఒంటిమీద పడి నాకినా పిల్లి కిడ్నీలు పాడవుతాయి
- బొద్దింకల మందు కొట్టిన మూలలు
- తలుపు తెరిచి ఉన్న వాషింగ్ మెషిన్

బాల్కనీ సంగతి విడిగా చెప్పాలి. "పిల్లి ఎలా పడ్డా కాళ్ళమీదే పడుతుంది, దానికేం కాదు" అనే మాట నమ్మకండి. పై అంతస్తుల నుంచి పడ్డ పిల్లులకు దవడ, ఛాతీ, కాళ్ళు దెబ్బతింటాయి. పావురాల నెట్ కట్టించి ఉంటే వారానికోసారి మూలలు, కొక్కేలు చేత్తో లాగి చూడండి. నైలాన్ నెట్‌ని పిల్లి కొరకగలదు. ఈకల బొమ్మను బాల్కనీ గోడవైపు ఎప్పుడూ విసరకండి.

## 3. సామాన్లు: ఆరు వస్తువులు చాలు

డబ్బు పెట్టి కొనాల్సింది ఒక్కటే: పొడవాటి కర్రకు తీగతోనో తాడుతోనో ఈకలు కట్టిన బొమ్మ. పెట్ షాపులో క్యాట్ టీజర్ అంటారు. కర్ర రెండడుగులకు తగ్గకూడదు, మన చేతికీ దాని గోళ్ళకీ దూరం ఉండాలి. మిగతావి ఇంట్లోనే తయారవుతాయి.

1. కొబ్బరి చీపురు పుల్ల. కొన మొద్దుగా కత్తిరించి దుప్పటి కింద కదిపితే చాలు. నాకు తెలిసి దీన్ని కాదన్న పిల్లి చాలా అరుదు.
2. తన్నుకునే బొమ్మ. పాత సాక్సులో గుడ్డపేలికలు కూరి కుట్టేయండి. పిల్లి ముందు కాళ్ళతో కావలించుకుని వెనక కాళ్ళతో తన్నేంత పొడవుండాలి, అంటే దాదాపు మీ మోచేతి నుంచి మణికట్టు దాకా.
3. ఉండచుట్టిన కాగితం. గరగరలాడే కాగితమైతే ఇంకా మంచిది. ప్లాస్టిక్ కవర్ వద్దు, నమిలి మింగుతాయి.
4. అట్టపెట్టె. ఆన్‌లైన్ పార్సిల్‌ది. టేపు, పిన్నులు పీకేసి, ఎదురెదురుగా రెండు గుండ్రటి కన్నాలు కోయండి.
5. పింగ్‌పాంగ్ బంతి. ఖాళీ బకెట్లోనో, పొడిగా ఉన్న బాత్‌టబ్‌లోనో వేస్తే తనంతట తాను ఆడుకుంటుంది.

క్యాట్‌నిప్ (వాసనతోనే పిల్లులను మత్తుగా దొర్లించే మొక్క) గురించి అడుగుతారు. మూడింట రెండొంతుల పిల్లులకే దాని ప్రభావం ఉంటుంది, నెలల కూనలకు అసలు ఉండదు. ఉన్నవాటికీ పది నిమిషాలే. మన పెరట్లో మొలిచే కుప్పింటాకు వేరు కూడా చాలా పిల్లులను అలాగే దొర్లిస్తుంది. మొక్క పీకి వేరు వాసన చూడనివ్వండి, ముఖం రుద్దుకోనివ్వండి, అంతే. తిననివ్వకుండా తీసేయండి.

బొమ్మలన్నీ ఒకేసారి నేలమీద పెట్టొద్దు. మూడు బయట ఉంచి మిగతావి డబ్బాలో దాచండి. మూడు నాలుగు రోజులకోసారి మార్చండి. పది రోజులు కనిపించని బొమ్మ మళ్ళీ వస్తే దానికి కొత్తదే.

## 4. వేళ కుదర్చండి

రోజుకి రెండు సార్లు, ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాలు. కూనలకైతే 5 నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు. అరగంట ఒకేసారి ఆడించడం కంటే ఇదే మేలు. పిల్లి ఒంటి తీరు పరుగెత్తి ఆగేదే తప్ప ఆగకుండా పరుగెత్తేది కాదు.

ఒక ఆట పొద్దున మీరు ఆఫీసుకు బయల్దేరే ముందు. రెండోది రాత్రి, మీరు పడుకోబోయే గంట లోపు. ఈ రెండో ఆటే రాత్రి గోలను తగ్గించేది, దీన్ని మానొద్దు.

రెండు ఆటలూ భోజనానికి ముందే. ఆకలిగా ఉన్న పిల్లికే వేటమీద ఆసక్తి ఎక్కువ. డ్రై ఫుడ్ గిన్నె రోజంతా నింపి ఉంచే అలవాటుంటే, ముందు దాన్ని మార్చి పూటలవారీగా పెట్టండి. అదే కొలత, మూడు నాలుగు పూటలుగా.

## 5. ఆడించే క్రమం

ఈ భాగం రెండుసార్లు చదవండి. బొమ్మ ఏదైనా పరవాలేదు, చెయ్యి కదిపే తీరే ఆట.

### 5.1 పిలుపు

ప్రతిసారీ ఒకే మాట, ఒకే చోటు. "ఆడదామా చిట్టీ" అని నేను హాల్లో చాప పరుస్తాను. వారం రోజుల్లో చాప చప్పుడుకే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. గచ్చునేలమీద కాళ్ళు జారితే పిల్లి దూకడానికి జంకుతుంది, కాబట్టి చాపో, పాత దుప్పటో తప్పనిసరి.

### 5.2 దాచి, కొంచెమే చూపించండి

బొమ్మను సోఫా అంచు వెనక పెట్టి కొన మాత్రం కనిపించనివ్వండి. ఒకసారి గీకండి. ఆపండి. పదికి లెక్కపెట్టండి. మళ్ళీ కొంచెం కదపండి.

అందరూ తొందరపడేది ఇక్కడే. పిల్లి కదలకుండా చూస్తుంటే "ఆడట్లేదు" అనుకుని బొమ్మను ఊపేస్తారు. ఆ చూడడమే ఆట. దాని మెదడు అప్పుడే ఎక్కువ పనిచేస్తోంది.

ఒకసారి దగ్గరగా చూడండి. చెవులు రెండూ ముందుకు తిరుగుతాయి. మీసాలు విసనకర్రలా ముందుకు విచ్చుకుంటాయి. కంటిపాపలు నల్లగా పెద్దవవుతాయి. గడ్డం నేలకు ఆనుతుంది. ఆ తర్వాత వెనక భాగం మాత్రం అటూ ఇటూ మెల్లగా ఊగడం మొదలవుతుంది, వెనక కాళ్ళు నేలను తొక్కి చూసుకుంటాయి. ఆ ఊపు కనిపించిందంటే దూకడానికి సిద్ధమైనట్టు. అప్పుడు కదపండి.

### 5.3 దూరంగా పారిపోనివ్వండి

బొమ్మ ఎప్పుడూ పిల్లి నుంచి దూరంగానో, దాని ముందు అడ్డంగానో వెళ్ళాలి. ముఖం మీదకి తేవద్దు. ఏ ఎలుకా పిల్లి నోట్లోకి నడిచి రాదు. పైగా మరీ దగ్గర వస్తువు పిల్లికి మసకగా కనిపిస్తుంది, పావుమీటరు లోపల దాని చూపు సరిగ్గా ఆనదు. ముఖం ముందు ఊపితే భయపడి వెనక్కి తగ్గుతుంది, లేదా విసుక్కుని లేచిపోతుంది.

### 5.4 జంతువులా కదపండి

- ఎలుక: గోడవారగా చిన్న పరుగు, ఆగడం, మళ్ళీ పరుగు, కుర్చీ కాలు వెనక దాక్కోవడం.
- పిట్ట: నేలమీద వాలి రెండు గెంతులు, రెక్క టపటప, కొంచెం పైకి ఎగిరి మళ్ళీ వాలడం. గాల్లోనే తిప్పుతూ ఉండొద్దు, వాలకపోతే పిల్లికి ఆశ పోతుంది.
- బల్లి: గోడమీద జరజరా పాకి చటుక్కున ఆగిపోవడం.
- పురుగు: చీపురు పుల్ల కొనతో దుప్పటి కింద సన్నటి కదలిక.

ఒకే వేగంతో గుండ్రంగా తిప్పడం చాలామందికి అలవాటు. రెండు నిమిషాల్లో పిల్లికి ఆ లెక్క తెలిసిపోతుంది, అంతటితో ఆసక్తి పోతుంది.

### 5.5 పట్టుకోనివ్వండి

మూడు నాలుగు దూకుళ్ళకు ఒకసారి బొమ్మ దొరకాలి. దొరికాక తాడు వదులు చేయండి. కొరకనివ్వండి, వెనక కాళ్ళతో తన్ననివ్వండి. చేతిలో చిన్నగా వణికించండి, బతికున్న జంతువు పెనుగులాడినట్టు. నోట్లోంచి గట్టిగా లాగొద్దు, పళ్ళు దెబ్బతింటాయి. అదే వదిలేదాకా ఆగండి, వదలగానే బొమ్మ మళ్ళీ పారిపోవాలి.

"ఓడించాలి" అన్న పట్టుదలతో ఆడించేవాళ్ళున్నారు. పిల్లి నాలుగు రోజులు చూసి, ఇది దొరికే వేట కాదని తేల్చుకుని మానేస్తుంది.

### 5.6 చల్లార్చండి

ఆఖరి రెండు నిమిషాలు బొమ్మకు ఓపిక తగ్గిపోవాలి. పరుగు నడక కావాలి, నడక కుంటుడు కావాలి, చివరికి పక్కకి ఒరిగిపోవాలి. ఆఖరి పట్టు పిల్లిదే. జోరుమీదున్న ఆటను ఫోన్ మోగిందని అక్కడికక్కడే ఆపేస్తే ఆ ఊపు ఎక్కడికీ పోదు, మీ పాదాలనే పట్టుకుంటుంది.

### 5.7 తిండి పెట్టండి

బొమ్మ వదిలిన నిమిషం రెండు నిమిషాల్లోపు గిన్నె ముందు ఉండాలి. పూట భోజనమైనా సరే, ఉప్పూ కారం ఉల్లి వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ ముక్క రెండైనా సరే. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం, మన కూరలోంచి తీసి కడిగి పెట్టినా వద్దు. చికెన్ ముక్కలు, ట్యూబుల్లో వచ్చే క్రీములు అన్నీ కలిపి రోజు తిండిలో పదోవంతు దాటకూడదు.

తిన్నాక మూతి నాక్కుంటుంది, ఒళ్ళు శుభ్రం చేసుకుంటుంది, పడుకుంటుంది. ఈ మూడూ ఆ వరసలో జరిగితే ఆట సరిగ్గా కుదిరిందని అర్థం.

### 5.8 కర్ర బొమ్మను తాళం వేసి దాచండి

తాడున్న బొమ్మ మీరు లేనప్పుడు పిల్లికి అందకూడదు. కప్‌బోర్డులో పెట్టి తలుపు వేయండి.

ఇవి కనిపిస్తే వెంటనే ఆపండి: తోక నేలకేసి కొట్టడం, వీపు చర్మం జలదరించినట్టు అదరడం, చెవులు వెనక్కి పడుకోవడం, నోరు తెరిచి రొప్పడం. మొదటి మూడూ "ఇక చాలు" అని చెప్పడం. నాలుగోది పిల్లికి మామూలు విషయం కాదు. చల్లని చోట కూర్చోబెట్టండి. కొద్దిసేపట్లో తగ్గకపోయినా, మళ్ళీ మళ్ళీ వస్తున్నా వెట్‌కి చూపించండి.

## 6. మీరు ఇంట్లో లేనప్పుడు: తిండి వెతికించండి

పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా ఒంటరిగా ఉండే పిల్లికి ఇదే పెద్ద వ్యాపకం. సులువైనదాంతో మొదలుపెట్టండి, మొదటి రోజే కష్టమైనది ఇస్తే వదిలేస్తుంది.

మొదటి వారం: అట్టతో చేసిన కోడిగుడ్ల ట్రే. గుంటల్లో డ్రై ఫుడ్ గింజలు పది పన్నెండు వేయండి. కాలితో తీసుకుని తింటుంది.

రెండో వారం: టిష్యూ రోల్ లోపలి అట్టగొట్టం. గింజ పట్టేకంటే కాస్త పెద్ద కన్నాలు నాలుగు చేసి, రెండు కొనలూ మడిచేయండి. దొర్లిస్తే గింజ రాలుతుంది.

మూడో వారం: అర లీటరు నీళ్ళ సీసా. మూత, మూత కింది ప్లాస్టిక్ రింగు తీసి పారేయండి, పక్కలకి కన్నాలు చేసి అంచులు నున్నగా రుద్దండి.

నాలుగో వారం: ఇంట్లో ఐదు చోట్ల చిన్న మూతల్లో కొద్దికొద్దిగా దాచి పెట్టండి. ఒకటి కిటికీ గట్టుమీద, ఒకటి పెట్టెలో, ఒకటి మెట్టుమీద. రోజూ ఒక చోటు మార్చండి.

పూట తిండిలో నాలుగో వంతుతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. మధ్యలో పిల్లి తిండి తగ్గిస్తే ఒక మెట్టు వెనక్కి రండి. పస్తు పెట్టి నేర్పించాలని చూడొద్దు. ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతింటుంది.

మన ఇళ్ళలో అసలు చిక్కు చీమలు. నీళ్ళు పోసిన పళ్ళెంలో చిన్న గిన్నె బోర్లించి దానిమీద ట్రే పెట్టండి. దొర్లించే బొమ్మలైతే మీరు ఇంట్లో ఉన్నప్పుడే ఇచ్చి, పావుగంట తర్వాత తీసి నేల తుడిచేయండి. వెట్ ఫుడ్ ఇలా దాచొద్దు, మన వేడికి త్వరగా పాడవుతుంది.

## 7. ఎక్కడానికి, గోకడానికి, చూడడానికి

పిల్లికి గది వైశాల్యం కంటే ఎత్తు ముఖ్యం. స్టూలు, దాని పక్కన టేబుల్, ఆపైన బీరువా. ఇలా మెట్లుగా జరిపితే ఖర్చు లేకుండా దారి తయారవుతుంది. పైన ఫ్యాన్ రెక్కలకు దూరంగా ఉండాలి.

గోకే కర్ర పిల్లి నిటారుగా సాగినా అందనంత పొడవు, దాదాపు మూడడుగులు ఉండాలి. ఊగకూడదు. ఒక్కసారి ఊగినా మళ్ళీ దాన్ని ముట్టకపోవచ్చు. పాత నులక మంచం పట్టెకు కొబ్బరితాడు బిగించి చుట్టి, బరువైన పలకకు మేకులు కొడితే షాపులో దొరికేదానికంటే గట్టిగా ఉంటుంది. సోఫాని గీకుతున్న చోటే, సోఫా పక్కనే పెట్టండి. దానికి నచ్చని మూలలో పెట్టి ఉపయోగం లేదు.

కిటికీ దగ్గర కూర్చోవడానికి చోటివ్వండి. బయట కొమ్మమీద పిట్టలున్నా, ఎదురు మేడమీద పావురాలున్నా పిల్లికి గంట గడిచిపోతుంది.

## 8. రెండు నిమిషాల పాఠం

పిల్లులు నేర్చుకోవన్నది అపోహ. బటన్ నొక్కే పెన్ను ఒకటి తీసుకోండి.

1. టిక్ అనిపించి, వెంటనే చిన్న చికెన్ ముక్క. పదిసార్లు. టిక్ అంటే తిండి అని తెలుస్తుంది.
2. చెంచా ముక్కుకి జానెడు దూరంలో పట్టండి. వాసన చూడడానికి ముక్కు తగలగానే టిక్, ముక్క.
3. చెంచాను అడుగు దూరం జరపండి. నడిచి వచ్చి తాకితే టిక్, ముక్క.
4. చెంచాను క్యారియర్ (పిల్లిని మోసుకెళ్ళే పెట్టె) లోపలికి జరపండి.

నాలుగో మెట్టు కోసమే ఈ పాఠమంతా. క్యారియర్‌లోకి తనంతట తాను నడిచే పిల్లిని వెట్ దగ్గరకి తీసుకెళ్ళడం ఎంత తేలికో, రక్కించుకున్నవాళ్ళకి తెలుసు. ఒక్కో పాఠం రెండు నిమిషాలు దాటొద్దు. తప్పు చేస్తే తిట్టొద్దు, ముక్క ఇవ్వకపోతే చాలు.

## 9. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే తీరు

చేతివేళ్ళతో ఆడించడం. కూనగా ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. ఏడాదికి అదే కాటు నెత్తురు తెప్పిస్తుంది. కొరికినప్పుడు చెయ్యి లాక్కోవద్దు, పారిపోయే చెయ్యి ఎలుకే అవుతుంది. కదలకుండా ఉంచి, రెండో చేత్తో సాక్సు బొమ్మ అందించండి. వదలగానే లేచి వెళ్ళిపోండి. ఇంట్లో అందరూ ఇదే చేయాలి, తాతయ్యతో సహా. చర్మం చీరితే సబ్బుతో నీళ్ళధార కింద 15 నిమిషాలు కడిగి డాక్టర్‌కి చూపించండి. పిల్లికి రేబిస్ టీకా సమయానికి వేయించండి.

లేజర్ లైటు. వెలుగు చుక్క ఎప్పటికీ దొరకదు. కొన్ని పిల్లులు ఆ తర్వాత గోడమీది నీడలను, గడియారం మెరుపును కూడా వెతుకుతూ అశాంతి పడతాయి. నేనైతే వద్దంటాను. ఇప్పటికే అలవాటై ఉంటే కళ్ళలో పడకుండా నేలమీదే నడిపించి, చివరికి చుక్కను బొమ్మమీద ఆపి పట్టుకోనివ్వండి, తిండి పెట్టండి. ఫోన్‌లో చేపల వీడియోలకీ ఇదే మాట.

"ఎంత ఊపినా చూడట్లేదు." ఈ వరసలో మార్చండి: ముందు వేళ, తర్వాత ఆకలి, తర్వాత బొమ్మ సైజు తగ్గించడం, ఆ తర్వాత వేగం తగ్గించడం. టీవీ ఆపేయండి, చుట్టాలు ఉన్నప్పుడు ప్రయత్నించొద్దు. కొత్తగా వచ్చిన పిల్లి అయితే దుప్పటి కింద చీపురు పుల్లతో రెండు నిమిషాలు చాలు. తల తిప్పి చూసినా ఆ రోజుకి గెలుపే.

రాత్రి మూడింటికి లేపడం. పడుకునేముందు ఆట, వెంటనే ఆ రోజు ఆఖరి భోజనం. లేపినప్పుడు లేవొద్దు, తిట్టొద్దు, ముఖ్యంగా తిండి పెట్టొద్దు. మొదటి నాలుగైదు రోజులు అరుపు పెరుగుతుంది. అప్పుడు ఒక్కసారి లేచి పెట్టారంటే "ఇంకొంచెం గట్టిగా అరిస్తే పెడతారు" అని నేర్పినట్టే. రెండు వారాలు గట్టిగా నిలబడండి.

రెండు పిల్లులను ఒకే బొమ్మతో ఆడించడం. జోరుగా ఉన్నది దూకుతుంది, రెండోది చూస్తూ కూర్చుంటుంది. రెండు చేతుల్లో రెండు కర్రలు, దూరందూరంగా. కుదరకపోతే తలుపు వేసి విడివిడిగా. అవి రెండూ కలిసి ఆడుకుంటుంటే చప్పుడు పెద్దగా ఉండదు, ఒకసారి ఇది కింద, ఒకసారి అది కింద. బుసలు, కేకలు, వెనక్కి పడిన చెవులు, ఉబ్బిన తోక కనిపిస్తే అది పోట్లాట. మధ్యలో చెయ్యి పెట్టకుండా అట్టముక్క అడ్డం పెట్టి విడదీయండి.

బల్లులను పట్టనిచ్చి "మంచి వ్యాయామం" అనుకోవడం. బల్లిని తింటే కాలేయంలో చేరే పురుగులు పిల్లికి రావచ్చు. బల్లి కనిపిస్తే బొమ్మ చూపించి దారి మళ్ళించండి.

## 10. వయసు, లావు, ఎండ

పదేళ్ళు దాటిన పిల్లులకు కీళ్ళనొప్పులు చాలా మామూలు. ఎగిరించొద్దు. పడుకున్నచోటి నుంచే కాలు చాపి కొట్టేలా బొమ్మను నేలమీదే నడపండి, మూడు నిమిషాల చొప్పున. చూస్తూ కూర్చున్నా దానికి ఆటే.

లావు పిల్లికి ఐదు నిమిషాలతో మొదలుపెట్టి వారానికి నిమిషం చొప్పున పెంచండి. గిన్నెను గదికి అవతలి కొనలో పెడితే అదే కొంత నడక.

పర్షియన్లలో ముఖం అణిగి ఉన్నవాటికి త్వరగా ఆయాసం వస్తుంది. ఒత్తుబొచ్చు వల్ల వేడి కూడా ఎక్కువ. మూడు నిమిషాలు ఆట, రెండు నిమిషాలు విరామం.

ఏప్రిల్, మే నెలల్లో అన్ని పిల్లులకూ ఆట పొద్దున ఆరున్నర లోపు, రాత్రి తొమ్మిది తర్వాత. పగలు తిండి వెతికే ఆటలు చాలు. నీళ్ళ గిన్నెలో ఒక ఐసుముక్క వేస్తే దాన్ని కాలితో తడుతూ కాసేపు ఆడుకుంటుంది, నాలుగు గుక్కలు తాగుతుంది కూడా.

## 11. ఇవి ఆటతో తీరేవి కావు

- ఆడే పిల్లి హఠాత్తుగా మానేసి, దాక్కుని, ఒక రోజంతా తినకపోవడం
- ఎప్పుడూ ఎక్కే చోటుకి ఎక్కలేకపోవడం
- పొట్టమీదో కాళ్ళమీదో బొచ్చు ఊడేదాకా నాక్కోవడం
- ఎక్కువ తింటూ చిక్కిపోవడం
- మగపిల్లి మాటిమాటికీ లిట్టర్ ట్రేలో కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోవడం. ఇది గంటల్లో ప్రాణం మీదకి వస్తుంది, తెల్లారేదాకా ఆగొద్దు

## 12. ఫ్రిజ్‌మీద అంటించుకోవడానికి

రోజూ

- పొద్దున 10 నిమిషాల ఆట, వెంటనే తిండి
- బయల్దేరేముందు ట్రేలో గింజలు, కిటికీ దగ్గర చోటు, కర్ర బొమ్మ కప్‌బోర్డులోకి
- సాయంత్రం రెండు నిమిషాల పాఠం
- పడుకునేముందు 15 నిమిషాల ఆట, ఆఖరి భోజనం

వారానికోసారి

- బొమ్మల డబ్బా మార్పు
- ఊడిన ఈకలు, కళ్ళు, గంటలు ఉన్న బొమ్మలు పారేయడం
- బాల్కనీ నెట్ మూలలు లాగి చూడడం
- గోకే కర్ర ఊగుతోందేమో చూసి మేకులు బిగించడం
- వంటగది తూకంమీదో, మీరు ఎత్తుకుని బరువు మెషిన్‌మీద నిలబడో దాని బరువు రాసుకోవడం